టీవీల రాని తుమ్ము

పోయిన నెల మా సాంబయ్య సారు కాలం చేసిండు. పండు ముసలి. మంచాన పడి ఒకల తోని చేయించుకోకుండ, పగటీలి అన్నం తిని కుర్చీల ఒరిగి అట్లనే పోయిండు. వరంగల్ కాశిబుగ్గల ఆయన ఇల్లున్న సందు మొత్తం ఫ్లెక్సీలు కట్టిన్రు. బతికినన్ని దినాలు తెల్ల లాల్చి తప్ప ఇంకోటి తొడగని మనిషికి ఫ్లెక్సీల కోటు, టై తొడిగిన్రు. పెద్దకర్మ నాడు ఫంక్షన్ హాల్ల సంతాపసభ పెట్టిన్రు. మైకు చేతికొచ్చినంక మనోల్లు ఊకుంటరా, ఎక్కినోడల్ల సారు గురించి రెండు ముక్కలు, తన గురించి బారెడు మాట్లాడి దిగుతాండు. ఒక లీడరైతే సారు పేరు రెండు తీర్ల పలికిండు, రెండూ తప్పే.

నేను ఎనుక వరుసల, కూలర్ గాలి తగిలే జాగ చూసుకొని కూసున్న. పక్కన ప్రభాకర్. నా తోని బడిల చదువుకున్నోడు, రైల్వేల గార్డు పని చేసి రిటైరై ఇప్పుడు డోర్నకల్ల ఉంటాండు. పొద్దుగాల్నే బండెక్కి వచ్చిండు. వచ్చిన కాడినుంచి మొఖం ముడుచుకొనే ఉన్నడు. దుఃఖం అనుకున్నరు చూసినోల్లు. అది దుఃఖం కాదు, పాత కోపం అని నాకు ఎర్కే. అంతల మా తర్వాతి బ్యాచి పిలగాడు, పిలగాడంటే ఇప్పుడు బట్టతల, మైకు అందుకొని గొంతు సవరించుకున్నడు. "టీవీ క్విజ్ పోటీల సొంత శిష్యులు గెలుస్తాంటే సుత, ఇది న్యాయం కాదని లేచి నిలవడ్డ మహానుభావుడు మన సారు! నిజాయితీకి నిలువెత్తు రూపం!" అన్నడు. హాలంత చప్పట్లు.

ప్రభాకర్ నా చెవు దిక్కు వంగి, "ఆ శిష్యులు మనమే అని వానికి ఎర్కనా?" అన్నడు.

"ఎర్క లేనట్టున్నది."

"మంచిదే. ఆయన నిజాయితీకి మునిగింది నేను. చప్పట్లు ఈనికి."

ఈ ముచ్చట చెప్పాల్నంటే ముందు మా ఇల్లు చెప్పాలె. మాది మిర్చి దుకాణం. ముందల దుకాణం, నడుమ కారం గిర్ని, ఎనుక మేము. వరంగల్ల మిర్చి సీజనంటే మార్కెట్ల పండుగ, మా ఇంట్ల తుమ్ములు. పొద్దుగాల గిర్ని మోటరు మొదలైందంటే అమ్మ పాలు పొయ్యి మీద పెట్టుకుంటనే ఒక తుమ్ము, బాపు దేవుని ముందల అగరుబత్తి ముట్టిచ్చుకుంట ఒక తుమ్ము. మా ఇంట్ల ఎవలు తుమ్మినా చిరంజీవ అనేది లేదు, అనుకుంట కూసుంటే పొద్దు గూకుతది. బట్టలు ఆరేస్తే కారం, పుస్తకం తెరిస్తే కారం, పెరుగు మీద సుత లేత ఎరుపు. మా అక్కను చూడవచ్చిన పెండ్లివారు ముందు కండ్లు తుడుసుకున్నరు, తర్వాత ముక్కు తుడుసుకున్నరు. పోయేటప్పుడు, మీ ఇంట్ల అందరు మస్తు ప్రేమగలోల్లు, మాకు ఏడుపాగలేదు అని చెప్పి పోయిన్రు. సంబంధం కుదిరింది.

తుమ్మనిది ఒక్క మా బాపమ్మ. మా బాపు తల్లి. ఆమె ముక్కు ఎప్పుడో రాజీ పడ్డది. గిర్ని కాడ పీట వేసుకొని కూసోని, కారం రెండు వేళ్ళ నడుమ నలిపి, మొఖం కాడ పెట్టుకొని వాసన చూసి, "తొడిమెలు ఎక్కువైనయి, మల్ల పట్టు" అనేది. గిర్ని పట్టే మనిషి ఆమెకు సర్కారు ఆఫీసర్ కంటె ఎక్కువ భయపడేది. ఊర్ల పెండ్లి ఉన్నా, సావు ఉన్నా బాపమ్మ ఉత్త చేతులతోని పోయేది కాదు. కొంగున ఒక కారం మూట. పెండ్లికి కట్నం కారమే, పురుటికి కానుక కారమే. దవాఖానల పండుకున్న మనిషిని చూడపోయినా కారమే. డాక్టరు వద్దంటే, "డాక్టరుకు ఏమెర్క, నోరు చప్పగుంటే రోగమెట్ల పోతది?" అనేది.

సాంబయ్య సారు మా బడిల సోషల్ చెప్పేది. మగ్గాల ఇంట్ల పుట్టి చదువుకున్న మనిషి. నడుస్తాంటే సుత కాళ్ళు మగ్గం తొక్కినట్టే పడేయి. హైదరాబాదు టీవీల బడిపిల్లలకు క్విజ్ పెడుతున్నరని తెలిసి, హెడ్మాస్టర్ను సతాయించి సతాయించి మా బడి పేరు పంపిండు. జట్టుకు ఇద్దరు. నన్ను, ప్రభాకర్ను ఏరిండు. ప్రభాకర్ అప్పుడు డోర్నకల్ నుంచి వచ్చి కాశిబుగ్గల మేనత్త ఇంట్ల ఉండి చదువుకునేది. వాళ్ళ నాయన రైల్వేల పని. రైళ్ళ పేర్లు, టైములు, ఏ స్టేషన్ల ఏ బండి ఎంతసేపు ఆగుతదో అన్నీ వానికి నోటికే. మిగిలిన దునియ మీద వానికి పెద్ద పట్టింపు లేకుండె. నాకేమో పేపరు పిచ్చి. దుకాణంల పొట్లాలు కట్టే పాత పేపర్లన్నీ సదివి, పోయినేడాది వార్తలు ఇయ్యాల్నే జరిగినట్టు చెప్పేదాన్ని.

ఇంట్ల ముచ్చట చెప్తే బాపు, "ఆడపిల్ల మొగపోరని పక్కన కూసోని టీవీల కనవడుడేంది? బజార్ల నన్ను ఏమనుకుంటరు?" అన్నడు. అమ్మ ఏమనలే, ఆమె అప్పుడు తుమ్ముతాంది. బాపమ్మ పీట మీదికెల్లి లేచి, "నేను పోత తోడు" అన్నది.

"నువ్వు పోయి ఏం జేస్తవమ్మా?"

"ఇద్దరి నడిమిట్ల కూసుంట."

నిజంగనే నడిమిట్ల కూసునుడే అనుకున్నది ఆమె. క్విజ్ బల్ల కాడ మా ఇద్దరి నడుమ కుర్చీ వేస్తరని సికింద్రాబాదు దాక నమ్మింది. పైంగ గెల్చినోల్లను ఢిల్లీ తీసుకపోతరని సారు చెప్పిండు. బాపమ్మ ఆ ఒక్క మాట పట్టుకొని, ఢిల్లీల యమున ఉన్నది, యమునల మునగొచ్చు అని చీరలు రెండు మడత పెట్టి పెట్టుకున్నది. ప్రభాకర్ కైతే ఆ పొడుగు రైలు ప్రయాణమే స్వర్గం. ఇంజన్లు ఎక్కడెక్కడ మారుస్తరో గూడ చెప్పేది. నాకు ఢిల్లీ కంటె, ఢిల్లీ పోయి వచ్చిన అని మా క్లాసుల మార్వాడీల పిల్లకు చెప్పుడు ముఖ్యం.

సికింద్రాబాదు బండిల నలుగురం పోయినం. టీవీ స్టూడియో అంటే ఏదో అనుకున్న. లోపల్కి పోతే సినిమా హాలు అంత చీకటి, ఒక దిక్కు మాత్రం పెండ్లి పందిరి అంత ఎలుగు. చలి. జీవితంల మొదటిసారి ఏసీ గాలి. బాపమ్మ కొంగు నెత్తి నిండ కప్పుకొని, "గింత ఎండల ఇంత చలేంది, ఎవలన్న పోయిన్రా?" అని అడిగింది. శవాలకే మంచుగడ్డలు పెడుతరని ఆమె లెక్క. బల్ల కాడ రెండే కుర్చీలున్నయని చూసి జర గొడవ చేసింది గాని, సారు బతిమాలి ముందల వరుసల, అవతలి జట్టుకు బాగ దగ్గర్ల కూసోబెట్టిండు. అవతలి జట్టు హైదరాబాదు కాన్వెంటోల్లు. ఒక పిల్ల, ఒక పిలగాడు. ఇద్దరికీ టైలు. వాళ్ళు ఒకల తోని ఒకలు ఇంగ్లీషుల గుసగుసలాడుకుంటాంటే ప్రభాకర్ నా దిక్కు చూసి, "మనం గూడ ఏమన్న గుసగుస పెడుదాం" అన్నడు. ఏం మాట్లాడాల్నో తోచక నేను ఎక్కాలు చదివిన, వాడు తలకాయ ఊపిండు.

ఆట మొదలైనంక మాత్రం మేము ఊర్ల నుంచి వచ్చినోల్లమని ఎవలకు అనిపించలే. కాకతీయులు అంటే మేము, నదులు అంటే మేము, రైళ్ళ మీద ప్రశ్న వస్తే ప్రభాకర్ అడగనియి సుత చెప్పిండు. క్విజ్ నడిపే ఆయన, "బాబూ, ఇక చాలు" అని ఆపిండు. సైన్సుల వాళ్ళు అందుకున్నరు. బొమ్మలు చూసి చెప్పే దాంట్ల వాళ్ళు ముందుకు పోయిన్రు, మల్ల మేము పట్టుకున్నం. చివరి ప్రశ్న కాడికి వచ్చేసరికి ఇద్దరికీ సమానం. బజర్ ప్రశ్న. ఎవలు ముందు కొడితే వాళ్ళు చెప్పాలె. కొట్టి చెప్పకపోయినా, తప్పు చెప్పినా మార్కులు పోతయి.

నా గుండె గిర్ని మోటరు లెక్క కొట్టుకుంటాంది. అప్పుడే బాపమ్మ ముందల వరుసల కూసోని, కొంగుల మూట సర్దుకుంటాంది. క్విజ్ నడిపే ఆయనకు ఇయ్యాలని తెచ్చిన కొత్త కారం. ముడి వదులైందేమో అని జర ఇప్పి చూసింది. ఏసీ గాలి దాని పని అది చేసింది. క్విజ్ ఆయన చేతిల కాగితం చూసుకుంట, "సూర్యుడికి భూమి అన్నిటికంటే దగ్గరగా..." అన్నడో లేదో, అవతలి టై పిలగాడు ఇల్లు కూలినట్టు తుమ్మిండు. తుమ్మిన ఊపుకు చెయ్యి పోయి బజర్ మీద పడ్డది. ట్రింగుమన్నది. క్విజ్ ఆయన, "చెప్పండి" అన్నడు. పిలగాడు చెప్పనీకె నోరు తెరిస్తే ఇంకో తుమ్ము. కండ్ల పొంటి నీళ్ళు. టైము గడిచింది. క్విజ్ ఆయన విచారంగ మొఖం పెట్టి, నియమం ప్రకారం వాళ్ళ మార్కులు తీసేస్తున్నం, వరంగల్ జట్టు గెలిచినట్టు, అన్నడు. ప్రభాకర్ కుర్చీల నుంచి ఎగిరిండు. బాపమ్మకు ఏం సమజ్ కాలే గాని, వాడు ఎగిరేసరికి ఆమె గూడ చప్పట్లు కొట్టింది, చేతుల మూట తోనే.

అగో అప్పుడు లేచిండు మా సారు. "అయ్యా, జర ఆగుండ్రి. ఆ తుమ్ము పిలగానిది కాదు. ఈ పిల్ల బాపమ్మ మూటది. మల్లొక్కసారి ప్రశ్న అడుగుండ్రి" అన్నడు. స్టూడియోల అందరు బాపమ్మ దిక్కు తిరిగిన్రు. ఆమె మూట కొంగు కింద దాసి, "నేనేం జేసిన పంతులూ? నన్నెందుకు ముందల వేస్తానవు?" అన్నది. టీవీవాళ్ళు మూలకు పోయి చాలసేపు మాట్లాడుకున్నరు. వచ్చి, సరే మల్ల అడుగుతం అన్నరు. ప్రభాకర్ సారు దిక్కు చూసిన చూపు నాకు ఇప్పటికీ యాదికున్నది. రైలు కింద పడ్డోడు డ్రైవర్ను చూసినట్టు చూసిండు.

ప్రశ్న మల్ల వచ్చింది. "సూర్యుడికి భూమి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఏ నెలలో?" ఈసారి బజర్ కొట్టింది ప్రభాకర్. నా దిక్కు చూసిండు, నేను తలకాయ ఊపిన. మాకు అనుమానమే లేదు. వరంగల్ ఎండల పెరిగినోల్లం, సూర్యుడు ఎప్పుడు నెత్తి మీదికి వచ్చి కూసుంటడో మాకు ఒకల చెప్పాల్నా? వాడు గట్టిగ, "మే నెల!" అన్నడు. తప్పు అన్నరు. టై పిలగాడు ముక్కు తుడుసుకుంట, "జనవరి" అన్నడు. అయిపోయింది. ఢిల్లీ లేదు, యమున లేదు, ఇంజన్లు మార్చుడు లేదు.

టీవీల వచ్చేదాక ఎవలకూ చెప్పొద్దని మా అందరి తోని మాట తీసుకున్నరు. బాపమ్మ ఆ మాట కాజీపేట దాక నిలబెట్టుకున్నది. వరంగల్ల దిగి రిక్షా ఎక్కేలోపు రిక్షా మనిషికి చెప్పింది. తెల్లారి మార్కెట్ మొత్తం ఒకటే ముచ్చట, పిల్లలు గెల్చిన్రు, పిచ్చి పంతులు ఓడగొట్టిండు. సారు బజార్లకెల్లి పోతాంటే దుకాణంల కెల్లి, "ఏం సారూ, మీకు హైదరాబాదోల్లు మామలు అయితరా?" అని అడిగేది. సారు నవ్వి ఊకునేది, ఒక్క మాట చెప్పలే. ప్రభాకర్ క్లాసుల ఎనుక బెంచీకి మారిండు. సారు పాఠం చెప్తాంటే కిటికీలకెల్లి రైలు పట్టాల దిక్కు చూసేది.

ఇగ టీవీల వచ్చే రోజు. మా బజార్ల టీవీ ఉన్నది ఒక్క గిన్నెల దుకాణంల. దుకాణం ఆయన టీవీ తెచ్చి అరుగు మీద పెట్టిండు. రోడ్డు నిండ జనం. బాపమ్మ పట్టుచీర కట్టుకొని అందరికంటె ముందల కుర్చీల కూసున్నది. నన్ను చూస్తుండ్రి అని అందరికీ చెప్పింది. మేము వచ్చినం, నలుపు తెలుపుల, నా జడలు చెవులు లెక్క కనవడ్డయి. అన్నీ వచ్చినయి. చివరి ప్రశ్న వచ్చింది. తుమ్ము రాలే. సారు లేచుడు రాలే. బాపమ్మ రాలే. అవన్నీ కోసి పారేసిన్రు. ప్రశ్న అడిగిన్రు, మా ప్రభాకర్ ఛాతి ఇరుసుకొని, "మే నెల!" అన్నడు, ఓడినం. అంతే. బజారు మొత్తం నవ్వింది. ఎవలో, "అవ్వా, తుమ్మేది?" అన్నరు. "టీవీవోల్లు దొంగలు! నన్ను కోసేసిన్రు!" అని బాపమ్మ లేచి టీవీ మీదికే పోయింది. గిన్నెల దుకాణం ఆయన అడ్డం నిలవడ్డడు. ఎన్నడు ఒక్క చిటికెడు కారం తక్కువ తూచని మనిషి, ఓడిపోయి తుమ్ము కథ అల్లింది అనిపించుకున్నది. ఆ మాట ఆమెను సచ్చేదాక తిన్నది. ఆమె సారు ఇంటి గడప తొక్కలే మల్ల. ప్రభాకర్ను బజార్ల పోరగాండ్లు మే నెలా, మే నెలా అని పిలిచేది. వాడు రైల్వే పరీక్ష రాసి పోయిందాక ఆ పేరు పోలే. నేను ఆడపిల్లనని నన్ను ఏమనలే. ఆడపిల్లనైనందుకు దొరికిన లాభాలల్ల ఇదొకటి.

తమాషా ఏందంటే, అప్పుడు ఎవలు నమ్మని తుమ్ము, సారు ముసలోడైనకొద్ది నిజమైంది. ఆయన రిటైరైనప్పుడు సగం మంది నమ్మిన్రు. ఇప్పుడు పోయినంక అందరు నమ్ముతాన్రు, చూసినట్టే చెప్తాన్రు. ఇంకో పదేండ్లకు ఆ తుమ్ము తుమ్మింది నేనే అని ఎవడన్న వస్తడు.

సభల మాటలు నడుస్తాంటనే భోజనాలు మొదలైనయి. సారు భార్య అనసూయమ్మ మూలకు కుర్చీల కూసోని ఉన్నది. మమ్ముల గుర్తుపట్టి, పళ్ళాలు పట్టుకొని ఇటు రాండ్రి అని పిలిచింది. ఆమె పక్కన కూసున్నం. మైకుల ఇంకొకడు మల్ల ఆ నిజాయితీ ముచ్చటే ఎత్తిండు. ప్రభాకర్ అన్నం పిసుకుకుంట ఆగలేకపోయిండు. "అమ్మా, తప్పు అనుకోవద్దు. న్యాయం మంచిదే గాని, గా ఒక్కరోజు ఊకుంటే సారు సొమ్మేం పోయేది?" అన్నడు.

అనసూయమ్మ కుర్చీ వాని దిక్కు జరుపుకున్నది. "న్యాయమా? నీకు గట్ల అనిపించిందా బిడ్డా ఇన్నేండ్లు?" అన్నది. "న్యాయం గియ్యం ఏం లేదు. ప్రశ్న సగం ఇన్నడట. సూర్యుడు దగ్గర అనంగనే ఇది మా పోరగాండ్లకు వస్తది, పొయినాదివారమే చెప్పిన అనుకున్నడట. తుమ్ముతోని గెల్సుడేంది, జవాబు చెప్పి గెల్తరు, ఢిల్లీ దాక పేరు వస్తది అని ఉరికి లేచిండు."

"ఎప్పుడు చెప్పిండు?" అన్న నేను.

"అయ్యో, మా ఇంట్లనే గాదె. నడింట్ల కందిలి దీపం పెట్టి, దాని సుట్టు గుమ్మడికాయ తిప్పి చెప్పె. సలికాలంల సూర్యుడు దగ్గరుంటడు, ఎండకాలంల దూరముంటడు, దగ్గరున్నోడే ఎచ్చగ ఉంచుతడని ఏం లేదు రా అని నవ్వె. నేను సర్వపిండి చేసి పెడితిని. మీరిద్దరు దాని మీద పడి తింటిరి. ఆ గుమ్మడికాయ వారమంత కూర వండి సచ్చిన."

సర్వపిండి యాదికొచ్చింది నాకు. పల్లీలు, నువ్వులు, అడుగంటిన ఎర్రటి అంచు, ఆఖరి ముక్క కోసం ప్రభాకర్ తోని కొట్లాట. గుమ్మడికాయ సుత లీలగ కనవడ్డది. సూర్యుడు మాత్రం రాలే. ఎంత కష్టపడ్డా రాలే.

ప్రభాకర్ పళ్ళెం పక్కకు పెట్టిండు. "నాకు ఎందుకు చెప్పలే అమ్మా ఇన్ని దినాలు?"

"చెప్పుమని నేనే అన్న. వద్దన్నడు. తనను నమ్మి లేచిన అని తెలిస్తే పోరడు ఇంకింత కుములుతడు, నన్ను పిచ్చోడు అనుకుంటే అనుకోనీ, అదే నయం అన్నడు."

మా మనుమడు ఇప్పుడు ఫోన్ల నోటితోని అడుగుతడు, అది జవాబు చెప్తది. జనవరి అనటానికి వానికి గుమ్మడికాయ అక్కర లేదు, తప్పు చెప్పి బజార్ల పేరు పడే ఫికర్ లేదు. మంచిదే, నేనేం పాతకాలమే గొప్ప అనేదాన్ని కాదు, ఆ కారం ఇంట్ల మల్ల ఉండుమంటే ఒక్క పూట ఉండ. గాని వాడు బడికి పోయి వస్తడు, ట్యూషన్ పోయి వస్తడు, ఇంతమంది పంతుళ్ళల్ల ఒక్కడన్న, వీనికి వస్తది అని నమ్మి నిండు సభల లేచి తన పరువు వీని మీద పందెం కాయగలడా అని చూస్తే, నాకెవలు కనవడరు.

ప్రభాకర్ చెయ్యి కడుక్కున్నడు. ఎటు పోతాండో నాకు సమజయ్యేలోపు మైకు కాడికి పోయిండు. మాట్లాడుతున్న మనిషి చేతులకెల్లి మైకు గుంజుకున్నంత పని చేసిండు. "ఇందాకటి సంది సారు నిజాయితీపరుడు అంటాన్రు. కాదు" అన్నడు. హాల్ల గరిటెల సప్పుడు ఆగింది. సారు పెద్దకొడుకు నా దిక్కు ఉరికొచ్చి, "అక్కా, ఏందిది, ఇజ్జత్ తీస్తాండు, దింపు" అన్నడు. నేను కదల్లే.

"ఆ మే నెల చెప్పిన ఎడ్డోన్ని నేనే" అన్నడు ప్రభాకర్. "సారు న్యాయం కోసం లేవలే. నాకు జవాబు వస్తది అనుకొని లేచిండు. నాకు రాలే. మా నాయన సుత నన్ను గంత నమ్మలే. గదొక్కటి చెప్పుదామని వచ్చిన." ఇంకేదో చెప్పాల్నని మైకు నోటికి ఇంకింత దగ్గర పెట్టుకున్నడు. మైకు కీచుమన్నది.

అనసూయమ్మ కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతాంది. భుజాలు ఎగిరేటట్టు నవ్వింది. నవ్వి నవ్వి, నా చెయ్యి పట్టుకొని, ఆయన పోయిన కాడినుంచి ఏడ్వని మనిషి, ఏడ్సింది. స్టేజీ మీద ఇద్దరు ముగ్గురు చేరి బతిమాలుతాన్రు, ప్రభాకర్ మాత్రం మైకు ఇడుస్తలేడు.